కారు అద్దం మోచేతికి రాసుకుంటూ పోతోంది, సైకిలు రోడ్డులో అసలు ఎక్కడ తొక్కాలి?

మియాపూర్_పెడల్
హైదరాబాద్‌లో పొద్దున ఎనిమిదిన్నరకి మియాపూర్‌లో బయల్దేరి హఫీజ్‌పేట, కొండాపూర్, కొత్తగూడ మీదుగా హైటెక్ సిటీ. నేను ఎంత ఎడమకి జరిగితే కార్లు అంత దగ్గరగా పోతున్నాయి. ఇంకా జరుగుదామంటే మట్టి, డ్రైనేజీ జాలీలు, పైగా ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లు. ఎవరిని అడిగినా "పక్కకి తొక్కుకో, ఏం కాదు" అంటారు. పక్కంటే ఎంత పక్క? కొలత చెప్పగలిగినవాళ్లు చెప్పండి. హైబ్రిడ్ సైకిలు, 35 మి.మీ. టైర్లు, వైరుతో పనిచేసే డిస్క్ బ్రేకులు.

రేడియంస్టిక్కర్
లెక్క వేసి చూడండి. మన పెద్ద రోడ్లలో ఒక లేను వెడల్పు సుమారు 3.5 మీటర్లు. మీరు అంచుకి అర మీటరు వదిలారనుకుందాం. హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్లు. కారు 1.75 మీటర్లు. అన్నీ కలిపితే 2.85. మిగిలింది 65 సెంటీమీటర్లు. అందులో కారు అద్దం బయటికి పొడుచుకొచ్చేది తీసేస్తే మీ మోచేతికీ అద్దానికీ మధ్య అర మీటరు కూడా ఉండదు. అదీ కారు కుడివైపు గీత మీదే నడిస్తే.

అంటే ఒకే లేనులో సైకిలూ కారూ క్షేమంగా పక్కపక్కన పట్టవు. కానీ మీరు అంచుకి అతుక్కుని తొక్కితే డ్రైవరు కంటికి సందు ఉన్నట్టే కనిపిస్తుంది, స్టీరింగ్ తిప్పకుండా దూరిపోతాడు. మీ చక్రం అంచు నుంచి 1.2 మీటర్ల దూరంలో ఉంటే సందు లేదని ఇరవై మీటర్ల వెనకే తెలుస్తుంది, పక్క లేనులోకి జరుగుతాడు. అడిగిన కొలత ఇదే: ఇరుకు రోడ్డులో అంచు నుంచి మీటరు, మీటరుంపావు.

కొండాపూర్_రాజన్న
ఇది కాయితం మీది లెక్క అన్నా. నడి లేన్ల తొక్కితే ఎన్కకెంచి వచ్చేటోడు ఆగుతడా? హారన్ మీద హారన్. నాకు తెలిసినకాడికి పక్కకు ఉండుడే మంచిది.

రేడియంస్టిక్కర్
@కొండాపూర్_రాజన్న నడి లేను అనలేదన్నా, అంచు నుంచి మీటరు అన్నాను. హారన్ కొట్టాడంటే మనల్ని చూసినట్టే. హారన్ లేకుండా పక్కనుంచి కోసుకుంటూ పోయేవాడితోనే ముప్పు. అయినా మీ మాటలోనూ నిజం ఉంది. బండ్ల వేగం అరవై దాటే రోడ్లు వేరు. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు వైపు పోయే వెడల్పు రోడ్ల మీద ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ సర్వీసు రోడ్డే పట్టాలి. బండ్లు ముప్పై, నలభైలో పోయే ఇరుకు చోట మాత్రం మీటరు తీసుకోవాల్సిందే.

గేర్లులేనిబండి
వేగం తేడా ముఖ్యం. సైకిలు గంటకి 18 కిలోమీటర్లంటే సెకనుకి 5 మీటర్లు. కారు 50లో వస్తే సెకనుకి దాదాపు 14 మీటర్లు. తేడా తొమ్మిది. ముప్పై మీటర్ల వెనక ఉన్న కారు మూడు సెకన్ల పైచిలుకులో మన మీద ఉంటుంది. అందుకే గుంత వచ్చాక చటుక్కున కుడికి తిప్పకూడదు. గుంత పదిహేను, ఇరవై మీటర్ల దూరంలో ఉండగానే చూడాలి, వెనక్కి చూసి మెల్లగా జరగాలి. వెనక బండి ఉంటే గుంతలోంచే పోనివ్వండి. పెడళ్లు రెండూ సమానంగా పెట్టి, సీటు మీంచి లేచి, మోచేతులు వదులుగా వంచితే 35 టైరు తట్టుకుంటుంది. గుంత తప్పించబోయి కారు కిందకి పోవడం కన్నా రిమ్ము వంగడం మేలు.

మియాపూర్_పెడల్
@గేర్లులేనిబండి వెనక్కి చూస్తే సైకిలు అటే లాగుతోంది. అదే నా భయం.

గేర్లులేనిబండి
తల తిప్పేటప్పుడు భుజం, చెయ్యి కూడా తిరుగుతున్నాయన్నమాట. కుడికి చూసేటప్పుడు ఎడమ చేతి పట్టు కాస్త వదులు చెయ్యండి, గడ్డం మాత్రమే కుడి భుజం మీదికి తేండి. ఖాళీ గ్రౌండులో సున్నంతో ముగ్గు గీతలా ఒక గీత గీసి, దాని మీద తొక్కుతూ వెనక ఎవరైనా ఎన్ని వేళ్లు చూపించారో చెప్పండి. నాలుగు రోజులు చేస్తే గీత తప్పరు.

డిపోడ్రైవర్
బస్సు నడిపేటోని వైపు నుంచి చెప్తా, అందరు మంచిగ వినుండ్రి.

బస్సు ఎడమ పక్కన, ముందు తలుపు నుంచి వెనక చక్రం దాక మీరు ఉంటే నాకు కనవడరు. అద్దంల కొంచెం కనవడ్తది, కానీ తలుపుకాడ జనం నిలవడితే అదీ పోతది. ఇంజిన్ ముందట మరీ దగ్గరకొచ్చి ఆగితే గుడ కనవడరు. మీకు అద్దంల నా మొఖం కనవడ్తలేదంటే నాకు మీరు కనవడ్తలేరన్నట్టే.

రెండోది, బస్సు ఎడమకు తిరిగినప్పుడు వెనక చక్రం ముందు చక్రం పోయిన దారిల పోదు. లోపలికి కోస్తది, మీటరున్నర, ఒక్కోసారి రెండు మీటర్లు. తిరిగే ముందు బస్సు కొంచెం కుడికి జరుగుతది. అప్పుడు ఎడమ దిక్కు పెద్ద సందు కనవడ్తది. గా సందుల దూరొద్దు. గది సందు కాదు, నా వెనక చక్రం వచ్చే జాగ.

స్టాపుకాడ గుడ అంతే. బస్సు ఎడమకు వస్తుంటే ఎడమ నుంచి దాటొద్దు. ఎనక ఆగుండ్రి, లేదంటే కుడి నుంచి చూసుకొని పోవుండ్రి. పది సెకన్ల ముచ్చట.

రేడియంస్టిక్కర్
@డిపోడ్రైవర్ ఈ పోస్టు అన్నిటికన్నా పైన ఉండాలి. నీళ్ల ట్యాంకర్లకీ, కాంక్రీటు మిక్సర్ లారీలకీ ఇదే వర్తిస్తుంది. వాటి ఎడమ పక్కన సిగ్నల్ దగ్గర ఎప్పుడూ నిలబడకూడదు. ముందే ఆగి ఉన్నా సరే, వెనకే ఉండాలి.

వైజాగ్_ఉప్పుగాలి
మా దగ్గర కాన్వెంట్ జంక్షన్, గాజువాక వైపు ఇదే ప్రాణసంకటం అండి. పోర్టు లారీలు, ట్రైలర్లు. ట్రైలరుకి మధ్యలో మడత ఉంటుంది కాబట్టి డిపోడ్రైవర్ గారు చెప్పిన కోత ఇంకా ఎక్కువ. ఇంకో సంగతి గాలి. పెద్ద లారీ పక్కనుంచి వేగంగా పోయేటప్పుడు ముందు బయటికి తోస్తుంది, తోక దాటేటప్పుడు లోపలికి లాగుతుంది. అందుకే లారీ దాటుతున్నప్పుడు పెడల్ ఆపకండి, హ్యాండిల్ బిగపట్టకండి. తొక్కుతూనే ఉంటే సైకిలు నిటారుగా ఉంటుంది.

సందులోసైకిల్
ఎవరూ ఎత్తనిది చెప్తున్నా: కారు తలుపులు. ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు మనం ఎడమ సందులోంచి దూరిపోతాం కదా. క్యాబ్‌లో వెనక సీటువాళ్లు సరిగ్గా అప్పుడే "ఇక్కడే దిగిపోతా" అని ఎడమ తలుపు తీస్తారు. తలుపు పూర్తిగా తెరుచుకుంటే దాదాపు మీటరు. ఎడమన ఫుట్‌పాత్ గట్టు, కుడిన తలుపు, తప్పించుకునే చోటే ఉండదు.

చూడాల్సినవి: వెనక సీటులో మనిషి ఉన్నాడా, ఫోనులోంచి తల ఎత్తాడా, బ్యాగు చేతిలోకి తీసుకుంటున్నాడా, కారు ఆఫీసు గేటు దగ్గరో మెట్రో మెట్ల దగ్గరో ఆగిందా. వీటిల్లో ఒక్కటి కనిపించినా దూరకండి. తప్పనిసరైతే నడక వేగమే, రెండు చేతులూ బ్రేకుల మీదే.

పార్క్ చేసిన కార్ల పక్కనుంచి పోయేటప్పుడు కూడా మీటరుకి పైనే వదలాలి. అక్కడ కుడి తలుపు, డ్రైవరు దిగుతాడు. బ్రేకు లైటు ఇప్పుడే ఆరిన కారు, ముందు చక్రం ఇంకా వంకరగా ఉన్న కారు, ఈ రెండూ అప్పుడే ఆగినవి.

కొండాపూర్_రాజన్న
ఇది నిజం. ఐటీ ఆఫీసుల ముందట పొద్దుగాల గిదే కథ. తలుపుతోని సచ్చేటట్టున్నరు జనం.

మియాపూర్_పెడల్
కొత్తగూడ దగ్గర ఫ్రీ లెఫ్ట్ (సిగ్నల్‌తో పని లేకుండా ఎడమకి తిరిగే చోటు) సంగతేంటి? నేను నేరుగా పోవాలి, వెనకవాళ్లు ఎడమకి తిరగాలి. అక్కడ రోజూ గందరగోళం.

రేడియంస్టిక్కర్
ఫ్రీ లెఫ్ట్ దగ్గర ఎడమ అంచునే ఉంటే మీరు ఎడమకి తిరుగుతున్నారనే అందరూ అనుకుంటారు. జంక్షన్‌కి యాభై, అరవై మీటర్ల ముందే వెనక్కి చూసి, చెయ్యి చూపించి, నేరుగా పోయే లేనులోకి వచ్చెయ్యాలి. సిగ్నల్ పడ్డాక జరుగుదామంటే కుదరదు. రాలేకపోతే మొండికి పోవద్దు. దిగి జీబ్రా మీద సైకిలు నడిపించుకుంటూ దాటండి. కుడికి తిరగాలన్నా అంతే: నేరుగా దాటి, అవతలి మూలన ఆగి, సైకిలు కుడికి తిప్పి, ఆ వైపు సిగ్నల్ పడ్డాక వెళ్లండి. నిమిషం ఎక్కువ పడుతుంది, నాలుగు వరసల కార్లకి అడ్డం పడే పని తప్పుతుంది.

సందులోసైకిల్
చెయ్యి చూపించేముందు ఒక చిన్న విషయం. మన దగ్గర చాలా సైకిళ్లకి కుడి లివరు ముందు బ్రేకు. ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. కుడి చెయ్యి చాచినంతసేపూ మీ దగ్గర వెనక బ్రేకు ఒక్కటే ఉంటుంది. కాబట్టి ముందు వేగం తగ్గించండి, తర్వాత రెండు మూడు సెకన్లు చెయ్యి చూపించండి, చెయ్యి హ్యాండిల్ మీదికి వచ్చాకే తిరగండి. చెయ్యి చాచి ఉండగా తిరిగితే గుంత వచ్చినప్పుడు పట్టుతప్పుతుంది.

గేర్లులేనిబండి
దాటేసి మన ముందే ఎడమకి కోసేవాళ్ల మాట కూడా రావాలి. పెట్రోలు బంకు, ఫంక్షన్ హాలు, అపార్ట్‌మెంట్ గేటు, ఈ మూడు చోట్లా జరుగుతుంది. కారు మనల్ని దాటింది, దాటినవాడు దూరం పోవాలి కదా, పోకుండా వేగం తగ్గించాడంటే ఎడమకి తిరగబోతున్నట్టే. ఇండికేటర్ కోసం చూడకండి, ముందు చక్రం చూడండి. బానెట్ కంటే ముందు చక్రమే తిరుగుతుంది. అప్పటికే అడ్డం వచ్చేస్తే బ్రేకు నొక్కుతూ వాడు తిరిగినవైపే మీరూ ఎడమకి తిరగండి. నేరుగా పోయి తలుపుని గుద్దేకన్నా కారుతో పాటు తిరిగితే దెబ్బ తక్కువ.

ఆటోల సంగతి ఇంకా తేలిక. ఆటో డ్రైవరు తల ఎడమకి తిరిగి ఫుట్‌పాత్ మీద నిలబడ్డవాళ్లని చూస్తున్నాడంటే ఆగుతాడు. ఆటో వెనక రెండు మూడు సైకిళ్ల దూరం ఎప్పుడూ వదలండి.

స్టుట్‌గార్ట్_సుబ్బు
ఇక్కడ జర్మనీలో 2020 నుంచి ఊళ్లో సైకిలుని దాటాలంటే కనీసం 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు వదలాలని రూలులోనే అంకె రాశారు. రోడ్డు ఇరుకైతే కారు సైకిలు వెనకే నెమ్మదిగా రావాల్సిందే. రేడియంస్టిక్కర్ గారి లెక్క చూడండి, 1.5 మీటర్లు వదలాలంటే 3.5 మీటర్ల లేనులో ఎలాగూ పట్టదు. అంకె రాసి ఉంటే వాదన ఉండదు. మన దగ్గరా ఒక అంకె రావాలి.

కొండాపూర్_రాజన్న
రూల్ వచ్చేదాక పానం కాపాడుకునుడు మన చేతులనే ఉన్నది గదా.

మెట్రోపిల్లర్
ఔటర్ పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడ తొక్కుకోవచ్చుగా?

రేడియంస్టిక్కర్
@మెట్రోపిల్లర్ 2023 అక్టోబర్‌లో తెరిచారు, 23 కిలోమీటర్లు, నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు. పైన సోలార్ కప్పు, 4.5 మీటర్ల వెడల్పు, నిజంగా మంచి ట్రాక్. పొద్దున వ్యాయామానికి దానికి మించింది లేదు. కానీ మియాపూర్ నుంచి ఆఫీసుకి పోయేవాడి దారిలో అది లేదు. వెనక్కి చూడటం, చెయ్యి చూపించడం, గట్టిగా బ్రేకు వెయ్యడం, ఇవన్నీ నేర్చుకోవడానికి మాత్రం ఆదివారం పొద్దున అక్కడికి పోండి.

మెట్రోపిల్లర్
సరే, అర్థమైంది. మెట్రో పిల్లర్ల కింద యూటర్న్‌ల గురించి ఒకటి కలుపుతా. పిల్లరు చాటు నుంచి కారు ముక్కు బయటికొచ్చాకే మనకి కనిపిస్తుంది. యూటర్న్ తీసుకునే కారు ఒక్క లేనులో తిరగదు, ఊడ్చుకుంటూ ఎడమ అంచు దాకా వస్తుంది. మనం ఎడమన ఉన్నాం కాబట్టి సంబంధం లేదనుకోవద్దు. యూటర్న్ సందు కనపడగానే పెడల్ ఆపి వేళ్లు బ్రేకు మీద పెట్టండి.

రాంగ్‌రూట్_వద్దు
మొదటి పోస్టులో అడిగిన ఎదురు బండ్ల మాట ఎవరూ చెప్పలేదు. రాంగ్ రూట్ బైకువాడు ఫుట్‌పాత్ అంచుకి అతుక్కుని వస్తాడు. సైకిలు మీదున్నవాళ్లు భయపడి కుడికి, అంటే కార్లలోకి జరుగుతారు. తప్పు అక్కడే. మీరు ముందే అంచు నుంచి మీటరు దూరంలో ఉంటే వాడు మీ ఎడమ నుంచి పోతాడు, మీరు కదలక్కర్లేదు. అంచునే ఇరుక్కుంటే కుడికి జరగకండి. ఆగిపోండి, కాలు కింద పెట్టండి. రాత్రిపూట లైటు లేకుండా వస్తారు కాబట్టి ముందు లైటు మీ కోసం కాదు, వాళ్ల కోసం.

రేడియంస్టిక్కర్
లైట్ల మాట వచ్చింది కాబట్టి. ముందు తెల్లది, 200 నుంచి 400 ల్యూమెన్లు చాలు. వెలుగు ఆరేడు మీటర్ల ముందు రోడ్డు మీద పడేలా కిందకి వంచాలి. నేరుగా పెడితే ఎదుటివాడి కళ్లు చెదిరి మన మీదికే వస్తాడు. వెనక ఎర్రది పగలు మిణుకు, రాత్రి నిలకడగా. మిణుకు మిణుకుమంటుంటే రాత్రిపూట వెనకవాడికి దూరం అంచనా దొరకదు. బ్యాగు తోకో, చొక్కా అంచో లైటుకి అడ్డం పడుతోందేమో పక్క మనిషిని అడిగి చూసుకోండి. డెలివరీ పిల్లల పెద్ద బ్యాగులతో ఇదే ఇబ్బంది, వాళ్లు బ్యాగుకే లైటు తగిలించాలి.

బైకు నంబరు ప్లేట్ల షాపులో రేడియం ముక్కలు ఇస్తారు. ఎర్రది వెనక మడ్‌గార్డుకి, తెల్లది ముందు ఫోర్కుకి, పసుపుది పెడళ్లకి, క్రాంకులకి (పెడల్ తగిలించే కమ్ములకి). పెడల్ మీది రేడియం పైకీ కిందకీ ఆడుతుంది కాబట్టి సైకిలు అని డ్రైవరు బుర్రకి వెంటనే తడుతుంది.

వైజాగ్_ఉప్పుగాలి
వానాకాలం ముక్క నేను చెప్తానండి. మొదటి వాన పడ్డ తొలి పావుగంట అన్నిటికన్నా జారుడు, రోడ్డు మీది ఆయిలు తేలి వస్తుంది. మ్యాన్‌హోల్ మూతలు, జీబ్రా తెల్ల గీతలు, ఇనప పలకలు, వీటి మీద బ్రేకు వెయ్యొద్దు, తిప్పొద్దు. నేరుగా దొర్లిపోవాలి. డ్రైనేజీ జాలీ కమ్ములు మనం పోయే దిక్కుగా ఉంటే సన్న టైరు ఇరుక్కుంటుంది, అడ్డంగా దాటండి. మీ 35 టైరుకి గాలి 70 కేజీల మనిషికి 50, 60 పీఎస్ఐ చాలు, వానలో ఇంకో ఐదు తగ్గించినా తప్పులేదు. నీళ్లు నిలిచిన చోట అడుగేమిటో తెలియనప్పుడు ముందు పోయిన ఆటో చక్రాల దారినే పోండి.

గేర్లులేనిబండి
వైరు డిస్కుల గురించి. వాటిలో చాలావాటికి బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది, లోపలిది కదలదు. అరిగేకొద్దీ జనం వైరు మాత్రమే బిగిస్తారు. అప్పుడు బయటి ప్యాడ్ డిస్కుని వంచి లోపలి ప్యాడ్‌కి ఆనిస్తుంది, లివరు మెత్తగా అయిపోతుంది. ముందు లోపలి ప్యాడ్‌ని దాని మరతో డిస్కుకి తగలకుండా వెంట్రుక సందు దాకా తేవాలి, ఆ తర్వాత వైరు. గట్టిగా నొక్కినా లివరుకీ హ్యాండిల్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. ప్యాడ్ మందం మిల్లీమీటరు కంటే తగ్గితే మార్చెయ్యండి.

20లో పోతూ కంగారు బ్రేకు వేస్తే చూసి నొక్కేలోపే ఐదారు మీటర్లు, ఆగడానికి ఇంకో నాలుగు. మంచి బ్రేకుతో పొడి రోడ్డు మీద పది మీటర్లు. ముందు కారుకి అంతకన్నా దగ్గరగా తోకపట్టుకుని పోవద్దు.

సిగ్నల్ దగ్గర ఆగేముందే గేరు రెండు మెట్లు తేలిక చెయ్యండి, పెడల్‌ని గడియారంలో రెండు గంటల చోట పెట్టుకోండి. ఆకుపచ్చ పడ్డాక తొలి మూడు సెకన్లే సైకిలు ఎక్కువగా ఊగేది, అందరూ ఒక్కసారి దూకేదీ అప్పుడే.

సందులోసైకిల్
హెల్మెట్ గురించి ఒక్క మాట. కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన ఉండాలి, గడ్డం పట్టీ కింద వేలు దూరాలి, అంతకన్నా వదులు వద్దు. నెత్తి వెనక్కి పెట్టుకుంటే నుదురు ఖాళీ. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే పైకి బాగున్నా మార్చెయ్యాలి, లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగిపోయి ఉంటుంది.

డిపోడ్రైవర్
గుద్దితె ఏం చెయ్యాల్నో గుడ తెల్సుండాలె. బండి నంబరు ఫొటో, 112 లేకుంటే 108. లేచి నిలవడ్డం గదా అని అక్కడ్నే పైసలు తీస్కొని రాజీ పడొద్దు, లోపలి దెబ్బ సాయంత్రానికి తెలుస్తది. దవాఖానల రోడ్డు యాక్సిడెంట్ అని రాయించుండ్రి, స్టేషన్ల ఎఫ్ఐఆర్ చెయ్యించుండ్రి. కారుకుండే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ సైకిలోనికి గుడ వర్తిస్తది. మనకు లైసెన్సు, ఇన్సూరెన్సు లేదని ఎవడన్న బెదిరిస్తె భయపడొద్దు, సైకిలుకు అవి అక్కరలేదు.

రేడియంస్టిక్కర్
దానికి తోడు: గుద్ది పారిపోయిన కేసుల్లో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. 2025 మేలో వచ్చిన నగదు రహిత వైద్యం పథకంలో ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు చికిత్స ఖర్చు వస్తుంది. ఏ బండి గుద్దినా, సైకిలువాళ్లకి కూడా. ఆసుపత్రిలో పోలీసు సమాచారం నమోదైతేనే ఇవి కదులుతాయి, అందుకే డిపోడ్రైవర్ అన్న చెప్పినట్టు రాయించడం మరవొద్దు.

మియాపూర్_పెడల్
అన్నీ రాసుకున్నాను. ఈ వారం మీటరు దూరం, కొత్తగూడలో ముందే లేను మారడం, ఈ రెండూ మొదలుపెడతా. బ్రేకు లోపలి ప్యాడ్ చూశాను, అసలు డిస్కుకి దగ్గరే లేదు. అద్దం పెట్టించుకుంటే ఏది? హ్యాండిల్ చివర పెట్టేదా, హెల్మెట్‌కి తగిలించేదా?

గేర్లులేనిబండి
హ్యాండిల్ చివరది, కుడివైపు ఒక్కటి చాలు. మీ గ్రిప్ చివర మూత పీకితే గొట్టం కనిపిస్తుంది, లోపలి కొలత 17 నుంచి 20 మి.మీ. మధ్య ఉంటుంది, స్కేలు పెట్టి చూసుకుని కొనండి. లోపలి రబ్బరు ఉబ్బేలా అలెన్ కీతో బిగించాలి. ఉబ్బెత్తు అద్దంలో బండ్లు ఉన్న దూరం కన్నా ఎక్కువ దూరంలో కనిపిస్తాయి, కాబట్టి అద్దంలో ఖాళీగా ఉన్నా జరిగే ముందు ఒకసారి భుజం మీంచి చూడాల్సిందే. సందుల్లో దూరేటప్పుడు దాన్ని లోపలికి మడవండి, అది ఎనిమిది సెంటీమీటర్లు బయటికి ఉంటుంది.